న్యూట్రల్

భాకరాపేట దాటినాక
ఫోన్లో గీతలు ఒక్కొక్కటే ఆరిపోతాయి.
ఇంక బండీ, నేనూ, వెనక మూడొందల క్రేట్ల టమోటా.

ఘాటు మొదట్లో ఆపి దిగతాను.
టైర్లని సుత్తితో తట్టి, చెవొగ్గి వింటాను.
మస్తాన్ బాయి నేర్పిన పని.
ఇప్పుడాయనది కలికిరిలో పంచరు కొట్టు.
"ఏ గేర్లో ఎక్కతావో ఆ గేర్లోనే దిగరా అబ్బయ్యా.
బ్రేకు అప్పు లాంటిది.
దొరకతా ఉంది కదా అని వాడినావంటే
కావాల్సిన పూట పుట్టదు."

ఓనరు లెక్క వేరే.
న్యూట్రల్లో వదిలితే ట్రిప్పుకి రెండు లీటర్లు మిగులు,
మిగిలిన డీజిలు దుడ్డు నాకే.
ఒకసారి వదిలినాను కూడా.
ఇంజను గొంతు తగ్గి
గాలి గొంతు పెరిగి
బండి నాది కాకుండా పోయిన ఆ కాసేపు
ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు రెండో గేరు.
గొణగతా ఉంది, గొణగనీ.
వెనక కారోడు లైట్లు కొడతా ఉండాడు.
పొమ్మని చెయ్యి ఊపను.
మలుపు అవతల ఏముందో
నాకు మాత్రం తెలుసునా?

ఒకచోట పిట్టగోడకి కొత్త సిమెంటు,
పాతదాంతో రంగు కలవలేదు.
ఎదురుగా ఎవరూ రాకపోయినా
అక్కడ హారను కొడతాను.

రంగంపేట లైట్లు.
గీతలు మళ్ళీ లేస్తాయి, ఓనరు మెసేజీలు మూడు:
యాడుండావు?
యాడ?
చెన్నైలో రేటు పడిపోయిందంట.

బండి పక్కకి తీసి,
హ్యాండుబ్రేకు లాగి,
ఒక్క మాట కొడతాను:
దిగినా.