బల్ల

మా అక్క ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది,
రాయగడలో ఈగలు తోలుకుంటున్నావట్రా అని.
కాదక్కా, దోమలు పడతాను.
ప్యాంటు మోకాలిదాకా మడిచి, టార్చి ఆర్పి,
నా కాలి మీద నేనే మాటు వేస్తాను.
తోక పైకెత్తి వాలిందా, అదీ.
గాజు గొట్టానికి నోరు పెట్టి
ఊపిరితో లోపలికి లాగుతాను.
ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. నాకొచ్చిన జ్వరాలు ఏడు.

కొత్త రైలు కట్ట కోసం ఊళ్లు చూసి రమ్మన్నారు,
మే పద్దెనిమిదిన.
కట్ట ఇంకా సెరిగుడ దాకా రాలేదు,
దానికోసం మట్టి తవ్విన గోతులు ముందే వచ్చేశాయి.
నలభై రెండు లెక్కపెట్టాను.
అన్నీ ఎండి, పెళ్లలు లేచి ఉన్నాయి.
సంచిలోంచి గరిటె తీస్తే
కుంజి కద్రక వచ్చీరాని ఒడియాలో నవ్వింది:
ఉత్త గరిటెతో ఏం వడ్డిస్తావు బాబూ,
వానలు పడ్డాక రా.

ఫారంలో ఒక గడి ఉంటుంది,
పది గరిటెలకి ఎన్ని పురుగులని.
సున్నా రాశాను. అబద్ధం కాదు.
ఆ సున్నా పట్టుకుని సలహాదారు రాశాడు:
ప్రజారోగ్యంపై ప్రభావం స్వల్పం.
ఆగస్టులో మళ్లీ చూద్దాం సార్, అని గొణిగాను,
కూలీల గుడిసెల్లోనూ రక్తం తీద్దాం,
ఎవరి ఒంట్లో ఏ ఊరి జ్వరం ఉందో.
ఆయన కళ్లజోడు తీశాడు.
రోగం వస్తుందని బల్లగుద్ది చెప్పగలవా?

దోమ సంగతి ఎవడు చెప్పగలడు బల్లగుద్ది?
సంతకం పెట్టాను ఒడియాలో,
గుండ్రటి అక్షరాలు, గోతుల్లాగే.

సెప్టెంబరులో వెళ్లాను,
ఎవరూ పంపకుండా, లీవు పెట్టి.
గోతుల్లో గేదెలు. పిల్లల ఈతలు.
చూడ్డానికి బాగానే ఉంది, ఆ మాట కూడా చెప్పాలి.
మొదటి గరిటెకే తొమ్మిది.

కుంజి ఈసారి నవ్వలేదు.
మనవణ్ణి చాప మీద పడుకోబెట్టింది.
ఐదేళ్లుంటాయి. మోకాళ్లు మడవరా అని,
ఎడమ పక్కటెముకల కింద వేళ్లు ఆనించి
గాలి పీల్చమన్నాను.

తగిలింది.
నున్నగా, గట్టిగా, మూడు వేళ్ల వెడల్పున.

మా అమ్మ దీన్నీ బల్లే అనేది.
కడుపులో బల్ల పెరిగిందిరా, అనేది.

మెల్లగా చెయ్యి తీశాను.
ఈ బల్లని గుద్దకూడదు,
పగులుతుంది.