కరకట్ట మీద పార

జేలాండ్ దీవుల్లో పుట్టిన బిడ్డకి
పేరు పెట్టకముందే కట్టలో వాటా ఉంటుంది.
ఇన్ని బారల మట్టి, ఇన్ని మోపుల గడ్డి.
మా దగ్గర దేవుడి కంటే ముందు
సముద్రానికి లెక్క చెప్పుకోవాలి.

నా పేరు తన్నెకే. చదవడం రాదు, లెక్కలొచ్చు.
మా ఆయన క్రైన్ సంఘంలో పరిచారకుడు.
అప్పు చేయడు, అప్పిచ్చి నవ్వడు.
చేప తలకాయ పారేస్తే పాపమని
పెళ్ళైన మర్నాడే నాకు చెప్పాడు.

మా నాయనమ్మ చిన్నప్పుడు ఇక్కడ మఠం ఉండేదట.
సన్యాసులు గేటు దగ్గర రొట్టె పంచేవారట,
పేరు అడక్కుండా, కులాసా అడిగి.
"వాళ్ళ చేతికి ఎముక లేదే" అనేది ఆవిడ,
తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, మెల్లగా.
ఇప్పుడు గోడలకి సున్నం,
సున్నం కింద పునీతుల ముఖాలు.
రొట్టెకి సీసం బిళ్ళ. బిళ్ళకి లెక్క. లెక్కకి క్రైన్.
తాగుతావా? పని దొరికితే వద్దన్నావా?
పోయిన ఆదివారం ఏ బల్ల మీద కూర్చున్నావు?

యోబ్‌ది మా పక్క పొలం.
ఆ చలికాలం కొడుకులిద్దరూ జ్వరంతో పోయారు.
కట్టలో అతని వాటా కుంగింది.
చుంచెలుక బొక్కలో చెయ్యి పెడితే
మోచేతి దాకా దిగేది.
డెబ్భై బారల కట్ట, ఒక్కడి చేతులు.

మా చట్టం చిన్నది, పిల్లలకి కూడా నోటికొస్తుంది.
మొయ్యలేనివాడు తన కట్ట మీద పార గుచ్చి వెళ్ళిపోవచ్చు.
పీకినవాడిదే పొలం.
పొలం, ఇల్లు, కట్ట, పాత బాకీ, అంతా.

మంగళవారం తెల్లారేసరికి పార నిలబడి ఉంది.
ఊరు చుట్టూ చేరింది, శవం చుట్టూ చేరినట్టు.
పోటు పదకొండింటికి.
క్రైన్ టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు,
రెండు చేతులా పట్టి లాగాడు.
మట్టి ఓ పట్టాన వదల్లేదు.
ఆ పారతోనే ఆ బొక్కలు పూడ్చాడు. నేను బుట్టలు మోశాను.
మమ్మల్ని దొంగలనేవాళ్ళు ఆ నీళ్ళని చూసి ఉండాల్సింది.
కట్ట అంచుకి నాలుగు వేళ్ళ కింద ఆగాయి.
నీళ్ళు ఎవరి కష్టమూ వినవు.

ఆదివారం బోధకుడు తలాంతుల కథ ఎత్తుకున్నాడు.
కళ్ళన్నీ క్రైన్ వీపు మీద, మెచ్చుకోలుగా.
నాకు మాత్రం ఒక్కటే తట్టింది:
తలాంతు పాతిపెట్టిన ఆ పిరికివాడికీ
గొయ్యి తవ్వడానికి పార కావాల్సే ఉంటుంది.
అది ఎవరిదో కథలో లేదు.

యోబ్ ఓడెక్కాడు. ఆ ఓడ కబురు రాలేదు.
అతని భార్య మాయ్‌కెన్ శనివారాలు వరసలో నిలబడేది.
ఆమె బిళ్ళ నా చేతిలో, నా రొట్టె ఆమె చేతిలో.
ఆ గోధుమ ఏ చేలో పండిందో ఇద్దరికీ తెలుసు.
ఒకసారి, బరువు తగ్గిందంది.
తూచాను. సరిగ్గా ఉంది.
తక్కువుంటే బాగుండేది,
ఇంకో ముక్క వెయ్యడానికి వీలుండేది.

క్రైన్ పోయి తొమ్మిదేళ్ళు.
మాకిప్పుడు మూడు పొలాలు, మిరియాల ఓడలో పదహారో వంతు.
వడ్డీ పాపమని గొంతు చించుకునే బోధకుడే
గొంతు తగ్గించి అడుగుతాడు, ఎంత వస్తుందని.
పొదుపు తప్పని నేననను.
ఈనాటికీ కొవ్వొత్తి ఆర్పే ప్రార్థిస్తాను;
దేవుడితో మాట్లాడ్డానికి వెలుతురు ఖర్చెందుకు?

ఆ పార వంటింటి తలుపు వెనకే ఉంది.
పిడి మీద ఒక గుంట, బొటనవేలు పట్టేంత.
క్రైన్ బతికినన్నాళ్ళూ ఆ పిడితో
అరచేతిలో ఒకే చోట బొబ్బ.
కొత్త పిడి వేయించుకోమంటే
అరిగిపోనిది మార్చడం దుబారా అనేవాడు.

నిన్న మనవడు దాన్ని బయటికి లాగాడు.
"ఎవరిది అవ్వా?"
"మనదే" అన్నాను.
కుడిచేత్తో పట్టుకుని చూశాడు, తిప్పి చూశాడు,
ఎడమచేతికి మార్చుకుని
"ఇప్పుడు కుదిరింది" అన్నాడు.