కచ్చా చిట్టా

ఆదివారం అబిడ్స్‌ల, మూసిన చెప్పుల షాపు మెట్ల మీద
ముప్పై రూపాయలకు దొరికిండు ఆయన.
అట్ట లేదు. అంచులు చెదలు తిన్నయ్.
నూటయాభై ఏండ్ల కిందటి అమెరికా మనిషి.
గంపల మొలలు అమ్మి, మొలల ఫ్యాక్టరీ పెట్టి,
రైలు పట్టాలకు సీలలు పోసి
ఆఖరికి సెనేట్ల కుర్చీ ఎక్కిండట.

నేను కొన్నది సరదాకు కాదు.
రాణిగంజ్‌ల మా తుల్జారాం సేటు
ఈసారి కార్పొరేటర్‌కు నిలవడుతుండు.
"ఇరవై రెండేండ్ల సంది నా లెక్కలు రాస్తున్నవ్,
నా బతుకు రాయలేవా?
నాలుగు పేజీలు, రంగుల ఫోటోతోని."

లెక్క వేరు, బతుకు వేరు సేటూ, అనలే.
ఒకటో తారీఖు ఇంకా తొమ్మిది దినాలుంది.

డిక్షనరీ పక్కన పెట్టుకొని రాత్రిళ్లు చదివిన.
పుస్తకంల ఆయన ఎన్నడూ తూకం తప్పలే,
ఒక్కనాడన్న దగ్గలే.
యుద్ధమొచ్చిన ఏడు మొలల ధర మూడింతలైందని
ఒక్కటే వాక్యం,
కాలే బండ మీద అడుగేసినట్టు
రాసినోడు గబుక్కున దాటిండు.

నూటపన్నెండో పేజీల ఫోటో:
గేటు ముందర దొర, దొర గడ్డం, దొర గుర్రం.
గుర్రానికి పేరుంది.
వెనక తలుపు నీడల, చంకల దస్త్రంతోని
ఒక బక్కమనిషి, సగం మొఖం.
ఆయనకు పేరు లేదు.
ఏందో మరి, మస్తుసేపు ఆ సగం మొఖమే చూసిన.

తెల్లారి సేటు బతుకు మొదలువెట్టిన.
"చిన్న రేకు డబ్బా నుంచి" అని రాసిన. నిజమే.
"కష్టాన్ని నమ్ముకొని" అని రాసిన.
నిజమే, ఎవరి కష్టమో అడిగేటోడు లేడు.
వరదల కాడికొచ్చి పెన్ను ఆగింది.

మూసీ పొంగి చాదర్‌ఘాట్ల ఇండ్లు మునిగిన వారం
నాలుగొందల కప్పురేకు తొమ్మిదొందలకు పోయింది.
రాసింది నేనే,
కచ్చా చిట్టాల, నీలి సిరాతోని.

ఆ వారమే మా పిల్లదాని దవాఖానా బిల్లు
సేటు కట్టిండు, మాట కూడ అనకుండ.
అది కచ్చాల లేదు, పక్కాల లేదు.

రెండూ ఇడిసిపెట్టిన.
"వరదల్ల ప్రజల వెంట నిలిచిండ్రు" అని పేజీ నింపిన.

నిన్న ఫోటో తీసెటోడు వచ్చిండు.
తరాజు పక్కన సేటు, మెడల కండువా.
"మునీమ్‌జీ, జర పక్కకు" అన్నడు.

జరిగిన.
సగమే.