శాంపిలు

ఎస్తేరు నర్సమ్మ ఇచ్చిపోయింది పాకెట్టు,
పట్నంల ఎవరో పేషెంటు ఆమెకిచ్చిందట.
మీది అక్షరాలు
గడ్డిపరకలు విరిచి పేర్చినట్టున్నయి.
"జపాన్‌ది వదినా,
తియ్యగుంటది, ఉప్పగుంటది, రెండూ ఒక్కసారే."

రెండూ ఒక్కసారే ఎట్లుంటది?
మా ఇంట్ల తీపి డబ్బ పక్కన కారప్పూస డబ్బ పెడితేనే
మా అత్త పిచ్చమ్మ మూతి తిప్పుకుంటది.

చించి గిన్నెల పోసినం.
రూపాయంత బియ్యం బిళ్ళలు,
మీద ఎర్రటి మెరుపు,
కొన్నిటికి నల్లటి పీలిక చుట్టి ఉన్నది.
మా ఆయన మట్టయ్య మిల్లుల శాంపిలు చూసేటాయన.
వడ్లగింజ పంటి కింద పెట్టి తేమెంతో చెప్తడు,
మిషన్ తర్వాత ఒప్పుకుంటది.
బిళ్ళ కొరికిండు, కండ్లు మూసిండు.
"నాలుగు దాటదు."
మరి రుచో అంటే
అది తన డిపార్ట్‌మెంటు కాదన్నడు.

బుక్కంగ బుక్కంగ మూడు బిళ్ళలు మిగిలినయి.
"ముట్టొద్దు, ఇవి శాంపిలు" అని
మూత బిగించి ఫ్రిజ్ మీద పెట్టిన.
మిర్యాలగూడల ఉండి,
పొద్దూకితే ఊక పొగ మింగి బతికేదాన్ని,
బియ్యం బిళ్ళ చెయ్యలేనా?

ఆయితారం.
బియ్యప్పిండి ఉడుకునీళ్ళల కలిపి
సీసా మూతతోని బిళ్ళలు కోసి ఎండబెట్టిన.
ముర్మురాలు, మక్కపేలాలు, పొట్టు ఊదిన పల్లీలు.
సోయాసాసుకు జానయ్య బండికాడికి పోతే
"నూడిల్స్ చేస్తవా అక్కా?"
"కాదురా, బెల్లంపాకంల పోస్త."
జానయ్య చేతిల గంటె ఆగిపోయింది.
అరసీసా ఇచ్చిండు, పైసలు తీసుకోలే,
పాపమనుకున్నట్టున్నడు.

పాకం నురగ
తెల్లగ, పసుపుగ, ఇత్తడి రంగుల...
ఫోన్ మోగింది.
మాడు వాసన ముందు పక్కింటికి పోయి
వాళ్ళను ఎంటబెట్టుకొని మా ఇంటికొచ్చింది.
ఆ బగోనె ఇప్పటికీ నల్లగనే ఉన్నది.

రెండోసారి పాకం కుదిరింది, వాన కుదర్లే.
సాగర్ దిక్కు నుంచి మబ్బొచ్చి
ఆరబెట్టిన పళ్ళెం మీద కూసున్నది.
మట్టయ్య నోట్లేసుకొని "పదిహేడు" అన్నడు,
లారీని వాపస్ పంపే గొంతుతోని.

నల్ల పీలిక సంగతి మా మధులత చెప్పింది,
సముద్రంల నాచట అది.
మనకేడిది సముద్రం అంటే
"సాగర్ లేదా?" అన్నది పిచ్చమ్మ,
నిజంగనే అడిగింది, నవ్వుతలేదు.
మేం నవ్వినం, కడుపులు పట్టుకొని.
ఆ నవ్వు సల్లారకముందే
పెరట్ల పుంటికూర కండ్లవడ్డది.
ఆకులు నీడకు ఆరబెట్టి నూనె చూపించిన.
చూపించుడే, ముంచుడు కాదు.
పటపటమని పుల్లటి కాయితమైనయి.

మూడోసారి ఫోన్ బియ్యం డబ్బల దాచిన.
పెద్ద పెనం, సన్నటి సెగ,
నువ్వులు, దంచిన ఎల్లిగడ్డ,
భుజం గుంజేదాక కలుపుడే కలుపుడు.
కారం వద్దనుకున్న గని
చెయ్యి ఊకుంటదా, చిటికెడు పడ్డది.

పిచ్చమ్మకు నాలుగే పండ్లు.
బిళ్ళ నాలిక మీద పెట్టుకొని గోడ దిక్కు చూసుకుంట కూసున్నది.
"ముందు ఉప్పొచ్చింది," అన్నది కొంచెం సేపటికి,
"దాని ఎనక తీపి.
అగో, ఇప్పుడు పులుపొస్తున్నది, చెప్పులు ఇడుస్తున్నది."

మట్టయ్య కొరికిండు.
కరుక్కున ఇనబడ్డది నాక్కూడ.
"మూడున్నర" అన్నడు.
"శాంపిలు తియ్యి, పక్కపక్కన పెట్టి చూద్దం."

మూత తీసిన.
అడుగున ఒక్క నువ్వుగింజ.

మధులత ఫ్యాన్ దిక్కు చూసింది.
పిచ్చమ్మకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.
మట్టయ్య అద్దాలు తుడుసుకుంటున్నడు,
తుడుసుకుంటనే ఉన్నడు.

ఒకటి నేనే తిన్న,
బగోనె మాడిన రాత్రి, లైటెయ్యకుండ.
మిగిలిన రెండింటి సంగతి నాకు తెల్వదు.

ఎవ్వరేమనలే.
మట్టయ్యే లేచి
పళ్ళెంల నుంచి మూడు బిళ్ళలు ఏరి
డబ్బల ఏసి, మూత బిగించి,
ఫ్రిజ్ మీద పెట్టిండు.