వడగళ్ళ పచ్చడి

మే చివరి గురువారం, సాయంత్రం నాలుగింటికి
ఇమెరెటి కొండల మీద ఆకాశం
కమిలిన వంకాయ రంగుకు తిరిగింది.

అప్పటిదాకా మాకు తొందరేమీ లేదు.
త్కెమాలి కాయలింకా పచ్చివి,
గోళీలంతేసి,
కొరికితే చెవుల వెనక దాకా జిల్లుమనేవి.
పిల్లలు జేబుల్లో ఉప్పు పొట్లాలతో
కొమ్మల మీదే కాపురం పెట్టారు.
ఉచాకి మూడు రోజులుగా కడుపునొప్పి,
అయినా చెట్టు దిగడు.
"ఇంకో వారం" అంది మా అత్త లమారా
ఒక కాయను బొటనవేలితో నొక్కి చూసి,
"గింజ గట్టిపడనీ."

గింజ గట్టిపడలేదు.
వడగళ్ళు గట్టిగా పడ్డాయి.

పది నిమిషాలు, అంతే.
రేకుల కప్పు మీద బస్తాలకొద్దీ
గులకరాళ్ళు గుమ్మరించిన మోత.
కోళ్ళు ట్రాక్టరు కిందికి, మేము వసారాలోకి.
ఆగాక చూస్తే
చెట్టు మీద ఉండాల్సింది నేల మీద ఉంది.
ఏది కాయో, ఏది మంచుగడ్డో
పాదానికి తెలిసింది గానీ కంటికి తెలియలేదు.

మామ ద్రాక్ష పందిరి కింద నిలబడి
చాలాసేపు టోపీ సరిచేసుకున్నాడు.
ద్రాక్షకి ఇక వచ్చే ఏడే దిక్కు.
అత్త మాత్రం చేతులు పైకి మడిచింది.
"దెబ్బ తిన్న కాయ రాత్రి ఆగదు,
తెల్లారేసరికి నల్లబడుతుంది. బకెట్లు తేండి."

బకెట్లు, తొట్లు, పసిదాని స్నానపు టబ్బు,
చివరికి మామ టోపీ కూడా.
టార్చిలైట్ల వెలుగులో ఏరాం,
మోకాళ్ళ కింద చల్లగా కరిగే నేల.
పెరట్లో పొయ్యి వెలిగే వేళకి
వాలు పొడుగునా ప్రతి పెరట్లోనూ ఒక మంట.
ఊరంతా ఒకే వాసన:
ఉడుకుతున్న పులుపు, దంచిన వెల్లుల్లి,
కొత్తిమీర, సోయికూర,
వాగొడ్డున దొరికే ఘాటైన అడవి పుదీనా.
జల్లెడలో గరిటెతో రుద్దుతూ రుద్దుతూ
నా కుడిచెయ్యి నాది కాకుండా పోయింది.
గింజలు మెత్తగా, తెల్లగా,
ఇంకా పాలపళ్ళలా.

అర్ధరాత్రి దాటాక సీసాలు అయిపోయాయి.
సారా సీసాలు కడిగాం, తేనె సీసా ఖాళీ చేసి నాకాం,
పూలకుండీ వైపు అత్త చూసిన చూపుకి
అందరం నవ్వాం.
మూతలు మాత్రం గంపెడు ఉన్నాయి,
పట్నంలో చవకని మామ తెచ్చినవి.

అప్పుడు కంచె అవతల దగ్గు వినిపించింది.
గులికో.
ఆవిడ పంది మా మొక్కజొన్నలో పడిన నాటి నుంచి,
అంటే నాలుగేళ్ళుగా, మాటల్లేవు.
రెండు చేతుల్లో రెండు బుట్టలు,
వాటి నిండా కడిగి ఆరబెట్టిన ఖాళీ సీసాలు.
"మూతల్లేవు" అంది, మా వైపు కాదు,
మంట వైపు చూస్తూ.

అత్త పీట జరిపింది.
పంది గురించి ఎవరూ మాట్లాడలేదు.
ఒకామె నింపింది, ఒకామె మూత బిగించింది.
గులికో గరిటె అంచు నాకి
"ఉప్పు తక్కువ" అంది.
నేను ఊపిరి బిగబట్టాను.
పదకొండేళ్ళ కాపురంలో
అత్త వంటకి ఆ మాట అన్నవాళ్ళు లేరు.
అత్త గిన్నె వైపు చూసింది, గులికో వైపు చూసింది,
చిటికెడు తీసి వేసింది.
కొంచెం ఆగి, ఇంకో చిటికెడు.

తెల్లారేసరికి అరవై మూడు సీసాలు,
అందులో ఇరవై కంచె దాటాయి,
ఒకటి పగిలి కుక్క ముక్కు చీదింది.
చల్లారుతున్న మూతలు ఒక్కొక్కటే
టక్, టక్ అని లోపలికి కుంగుతుంటే
లెక్కపెడుతూ బల్ల మీదే నిద్రపోయాను.

ఆ పులుపు ఆ ఏటిదే.
జనవరిలో కాల్చిన బంగాళాదుంప మీద వేసుకుంటే
కళ్ళు వాటంతటవే మూసుకునేవి.
పండిన కాయతో అది రాదు.

అలమరలో చివరన ఒక చిన్న సీసా ఉంది.
ఆ రాత్రి ఉచా అందులో వడగల్లు వేసి
మూత పెట్టించాడు.
పొద్దున చూస్తే చెంచాడు నీళ్ళు.
పారబొయ్యబోతే అత్త వద్దంది,
మిగతా వాటిలాగే చీటీ అంటించి ఏడాది వేసింది.

"నిల్వ ఉంటుందా?" అడిగాడు వాడు.

"ఏమో" అంది గులికో, మా పీట మీదే కూర్చుని,
"ఉప్పు వెయ్యలేదుగా."