మూడు సమానాలు

అచావో రేవులో టికెట్లు కొట్టే ఓర్ఫెలీనా
యాభై రెండో ఏట జావాస్క్రిప్ట్ పట్టింది.
కావలసింది ఒక్క బటనే.
నొక్కితే, ఈపూట పడవ ఉందో లేదో చెప్పాలి.

మూయని బ్రాకెట్టు కోసం వారం వెతికింది,
ఉన్ని టోపీలో జారిన కుట్టును వెతికినట్టు.
ఆఖరికి పలికింది బటను:
"సముద్రం ప్రశాంతం. పడవ వస్తోంది."

మర్నాడూ అదే మాట.
మూడోనాడు గాలి పైకప్పు రేకుల్ని లేపుతోంది.
పదకొండు మంది బంగాళాదుంప బస్తాలతో తడుస్తున్నారు.
తెర మీద మాత్రం
సముద్రం ప్రశాంతం.

సరంగు గ్వెంతెయో కూతురు, పదహారేళ్ళది,
నీళ్ళోడే కోటుతోనే వంగి చూసింది.
"అత్తా, నువ్వు సముద్రాన్ని అడగలేదు,
ప్రశాంతంగా ఉండమని హుకుం వేశావు.
ఒక్క సమానం పెడితే 'అలా ఉండు' అని.
'అలా ఉన్నావా' అనడానికి మూడు కావాలి."

రెండు చేర్చింది.
పడవ లేదంది బటను.
బస్తాలు భుజానికెత్తుకుని
తిట్టుకుంటూ పోయారు జనం.

ఆ రాత్రి,
వానాకాలం మొదలైనప్పట్నుంచీ మాట తగ్గించిన తమ్ముడితో
అలవాటుగా "బాగానే ఉన్నావుగా" అనబోయి
చివరి అక్షరం దగ్గర ఆగింది.
పొయ్యిలో కట్టె ఎగదోసి
కుర్చీ దగ్గరికి లాక్కుంది.