రెండు పొడులు

వెళ్తూ వెళ్తూ యారోమీర్
కుక్కను తీసుకెళ్ళాడు, కాఫీ మర తీసుకెళ్ళాడు.
నూట నలభై కాక్టస్‌లను నాకు వదిలేశాడు.
ముళ్ళున్నవాటికి కారులో చోటు లేదట.

బ్ర్నో ఊరి చివర, ట్రాము ఆగిపోయే చోట
అద్దె తోట, అందులో గాజు కొట్టం.
జనవరిలో ఒక రాత్రి హీటరు చచ్చిపోయింది.
నాలుగు రోజులకు తలుపు తీస్తే
ఆయన మనిషెత్తు పెంచిన పొడుగాటిది
మొదట్లో నీరుకారి, మెత్తబడి,
తాగినవాడిలా గోడకి ఆనుకుని ఉంది.

నాకు మొక్కలు తెలీవు.
ముప్పై ఏళ్ళు అద్దకాల మిల్లు ల్యాబులో పనిచేశాను.
నాకు తెలిసిందల్లా
ఏదైనా సరే, రెండు వరుసలుగా పెట్టి చూడాలని.

రొట్టె కోసే కత్తిని స్పిరిట్‌తో తుడిచి కోశాను.
కోత మధ్యలో గోధుమరంగు చుక్క.
ఇంకొంచెం పైకి కోశాను. ఉంది.
ఇంకా పైకి.
మచ్చలేని పచ్చదనం, నడుమ తెల్లటి వలయం
కనిపించేసరికి
మనిషెత్తు కాస్తా నా నడుము దాకా మిగిలింది.
దాన్ని పది ముక్కలు చేశాను.
ఏది మొదలో ఏది తుదో ఒక్కసారి కలిసిపోతే
బ్రహ్మకైనా తేలదు గనక
ప్రతి ముక్క మీదా పెన్నుతో పైకి బాణం గీశాను.

పక్క తోట వ్రాతిస్లావ్ వచ్చాడు,
చలికోటు జేబులోంచి చిన్న డబ్బా తీశాడు.
వేళ్ళు రప్పించే హార్మోన్ పొడి.
"ఇది లేకుండా పెట్టావా, బూడిదలో పోసిన పన్నీరే!"
డబ్బా అడుగున తేదీ చూశాను.
దాని గడువు మా పెళ్ళి గడువుకంటే
రెండేళ్ళు ముందే తీరింది.
చెప్పలేదు. పాపం, మంచులో నడిచి తెచ్చాడు.

ఐదింటికి పొడి అద్దాను,
పసిపిల్ల మెడకి పౌడరు రాసినట్టు.
ఐదింటికి ఏమీ లేదు.
పెరుగు చెంచాల మీద రాసి పక్కన పెట్టాను:
ఉంది, లేదు, ఉంది, లేదు.
అన్నిటినీ పాత పేపరు మీద, నీడలో పడుకోబెట్టాను.
వారం. రెండు వారాలు.
మన్ను లేదు, నీళ్ళు లేవు, మందలింపు లేదు.
కోసిన చోట తడి ఆరి, లోపలికి ముడుచుకుని
చెప్పు అట్టలా పెచ్చు కట్టాయి.

మూడో వారం ఇసక కుండీల్లో నిలబెట్టాను.
"ఇప్పుడు కూడా నీళ్ళు పొయ్యకు" అన్నాడు.
పొయ్యలేదు,
ఒక్కదానికి తప్ప.
అది ముడతలు పడి నావైపే చూస్తున్నట్టుంటే
మనసాగక గుక్కెడు పోశాను.
అది "ఉంది" వరుసలోది.
పది రోజుల్లో కుళ్ళింది.
హార్మోనూ కాపాడలేదు, నా జాలీ కాపాడలేదు.

ఏప్రిల్.
గాజు కప్పు మీద ఆఖరి మంచు కారిపోతున్న ఉదయం
ఒక్కోదాన్ని మెల్లగా పైకి లాగి చూశాను.
నా వేళ్ళకు దాని వేళ్ళు తగల్లేదు గాని
అటునుంచి ఎవరో పట్టుకున్నట్టు
చిన్న బిగువు.
పొడి అద్దినవి: నాలుగు.
అద్దనివి: నాలుగు. ఐదోది ఇంకా ఆలోచిస్తోంది.

"చూశావా, పొడి పనిచేసింది" అన్నాడు వ్రాతిస్లావ్.
"పొడిగా ఉంచడం పనిచేసింది" అన్నాను.
కుండీ బోర్లించి చూస్తే
అద్దినవాటికి నాలుగు పోగులు ఎక్కువేనేమో.
పాత మందు కాబట్టి అంతేనేమో.
పది ముక్కలతో ఇది తేలదు.
ఇలాంటి లెక్క పట్టుకెళ్తే
ల్యాబులో మా పెద్దాయన కాగితం మొహాన కొట్టేవాడు.

ఆ ఆదివారం యారోమీర్ ఫోన్ చేశాడు.
వెనక కుక్క మొరుగుతోంది.
"నా పొడుగాటిది బతికిందా?"
"లేదు" అన్నాను. "ఎనిమిది బతికాయి."
కాసేపు ఆగి,
ఒకటి ఇస్తావా అని అడిగాడు.

కిటికీ దగ్గర
ఇంకా ఆలోచిస్తున్నదాని వైపు చూశాను.
బాణం పైకే ఉంది.